తిట్టించుకోవడానికి కడప ప్రయాణం

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. చీమను చూస్తే ఎద్దంటాను. ఎద్దును చూస్తే, దాని మీదెక్కి ఓర్వకల్లు గుట్టల దాకా పోయొచ్చానంటాను. ఇది మా వంశంలో ఎవరికీ లేదు, నా స్వార్జితం. కాబట్టి ఈ కింద రాసినదాంట్లో ఎక్కడెక్కడ గాలి కొట్టానో మీరే పట్టి చూసుకుంటూ చదవండి. ఒక్కచోట మాత్రం గాలి కొట్టడం కాదు, ఉత్త కల్పన. అదేదో చివర్లో నేనే చెప్తాను.

ఇలాంటి మనిషి బతకాలంటే చుట్టూ తగ్గించేవాళ్లు ఉండాలి. నేను వంద చెప్తాను, ఎదుటివాడు పాతిక అంటాడు, ఇద్దరం కలిసి నలభై దగ్గర నిజాన్ని పట్టుకుంటాం. మా ఇంట్లో ఆ ఉద్యోగం మా ఆవిడది. నేను ముందుగదిలో ఎవరికో "నిన్న మార్కెట్టు దగ్గర ఏనుగంత ఆంబోతు నన్ను తరుముకుంది" అని చెప్తుంటే, వంటింట్లోంచి తాలింపు చిటపటల మధ్య "దూడ" అని ఒక్క మాట వినిపించేది. వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. ఆంబోతు దూడగా మారినందుకు నాకెప్పుడూ బాధ లేదు. ఆ మాట వినబడాలనే ఆంబోతును తెచ్చేవాణ్ణి.

ఆమె పోయాక ఇది రెండో చలికాలం. పిల్లలు లేరు. కర్నూల్లో ఓ అపార్టుమెంటులో, నాలుగు గదుల్లో, ఎదురుచెప్పే దిక్కు లేకుండా ఉంటున్నాను. ఓ రోజు పొద్దుపోక మా వాచ్‌మన్‌తో, జగన్నాథగట్టు మీంచి చిరుతపులి దిగి మా గేటు దాకా వచ్చి, వాసన చూసి పోయిందని చెప్పాను. "పోన్నా, మీరెప్పుడూ అంతే" అంటాడనుకున్నాను. అనలేదు. సాయంత్రానికి గేటుకు గొలుసు పడింది. మర్నాటి నుంచి పిల్లలు కింద ఆడుకోవడం మానేశారు. మూడో అంతస్తు పెద్దాయన తనకూ అరుపు వినబడిందన్నాడు. అబద్ధం నాదే అయినా, కుక్క మొరిగినప్పుడల్లా నేనే ఉలిక్కిపడే స్థితికి వచ్చాను. అడ్డంగా నమ్మేవాళ్ల మధ్య నాలాంటివాడు ఎంత ఒంటరివాడో ఆ వారం తెలిసింది.

నన్ను తగ్గించగలిగినవాళ్లు ఇంకా ఇద్దరు మిగిలి ఉన్నారు. చదువుకునే రోజుల్లో మేం ముగ్గురం కడపలో పిండిమర మీద ఒక గదిలో ఉండేవాళ్లం. కింద మర తిరిగితే పైన మేం తెల్లబడేవాళ్లం. కాలేజీకి మేం పోతుంటే ముగ్గురు దయ్యాలు పోతున్నాయని ఊరు దారిచ్చేది. వాళ్లలో ఒకడు కడపలోనే నాన్నగారి బట్టల కొట్టులో కూర్చున్నాడు. రెండోవాడిది ఎమ్మిగనూరులో మగ్గాల కుటుంబం. తాను మగ్గం గుంటలో కూర్చొని నేయడు గానీ, నేసిన చీరల్ని ఊరూరా వేసుకొచ్చేది వాడే. పేర్లు రాయను. కడపవాడు, ఎమ్మిగనూరువాడు అనుకుంటే చాలు.

ఇద్దరిలో కడపవాడి నోరే నోరు. వాడు తిడితే కొట్టు ముందు నిలబెట్టిన స్కూటర్ల స్టాండ్లు వాటంతటవే లేచేవి. ఆ మధ్య చలి గురించి మా ముగ్గురి వాట్సాప్ గ్రూపులో నేనొక వార్త పెట్టాను: "కర్నూల్లో తుంగభద్ర గడ్డకట్టింది. గొర్రెల మంద నడుచుకుంటూ అవతలి గట్టుకు పోయింది." కడపవాడు వెంటనే జవాబిచ్చాడు: "గడ్డ కట్టలే రేయ్, నీళ్లు ల్యాక ఎండింది. గొర్రెలకు తెలిసినంత కూడా నీకు తెలీదు." ఆ జవాబు చదివి ఒక్కణ్ణే గదిలో ఎంతసేపు నవ్వానో. అప్పుడే అనుకున్నాను, ఈ తిట్టును ఫోన్లో కాదు, మొహం మీద పడేట్టు ఒక రోజంతా తినాలని. అదీ నా కోరిక. ఇంతకు మించి దాంట్లో ఏమీ లేదు.

ముగ్గురం కలిసి ఒక రోజు ఎక్కడైనా తిరుగుదామన్నాను. ఫోన్లో సభ పెట్టాం.

"గండికోటకు పోదామప్పా," అన్నాడు కడపవాడు. "లోయ చూస్తా కూర్చుంటే ఆకలి కూడా కాదు."

"ఆకలి కాని చోటికి నేనెందుకొస్తానురా?" అన్నాను.

"అయితే మంత్రాలయం రాండి," అన్నాడు ఎమ్మిగనూరువాడు. "మాకు పక్కనే. దర్శనం చేసుకొని, ఏటి గట్టున కూర్చొని పులిహోర తిందాం. దుడ్లు కూడా శానా మిగుల్తాయి."

"నువ్వు సచ్చినాక నీ మీద గుడ్డ కాదప్పా, మిగిలిచ్చిన దుడ్లే కప్పాల," అన్నాడు కడపవాడు.

నేను మాత్రం ఊరే కావాలన్నాను. కోటకు పోతే కోటను చూడాలి, గుడికి పోతే దేవుణ్ణి చూడాలి. ఊళ్లో వీధులెంబడి తిరిగితేనే ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం. పైగా కడప వీధులు మనుషులకు దొరికేదే ఈ రెండు నెలలు. తక్కిన పది నెలలూ ఎండ నడుస్తుంది, మనుషులు నీడల్లో దాక్కుంటారు. మా సీమలో చలికాలమంటే స్వెట్టర్ల కాలం కాదు, నడకల కాలం.

చివరికి, నెల రోజుల తర్వాతకు, కడపే ఖాయమైంది. కార్యక్రమం నేను వేశాను. పొద్దున కారం దోశ. తర్వాత మా పాత పిండిమర దర్శనం. మధ్యాహ్నం రాగి సంగటి, నాటుకోడి పులుసు. ఆ మీదట వేపచెట్టు నీడన కూర్చొని సాయంత్రం దాకా నన్ను తిట్టడం. ఈ ఆఖరి అంశం బయటికి చెప్పలేదు. అది దానంతటదే జరుగుతుందని నా ధీమా.

రేపు ప్రయాణమనగా సాయంత్రం ఎమ్మిగనూరువాడు ఫోన్ చేశాడు.

"ఏమప్పా, నేను రాలేను. ఆదోనిలో మా దాయాది ఒకాయన పోయినాడు. మాకు సూతకం."

"నువ్వాయన్ని ఎప్పుడైనా చూసినావా?"

"యాడ చూసినా? ఫొటోలో కూడా చూడలే."

"చూడని మనిషికి సూతకమేందిరా! వచ్చేయ్. హోటల్లో మన గోత్రం ఎవరూ అడగరులే."

"హోటలోళ్లు అడగరప్పా. ఆడ స్వామి ఉండాడు కదా. మాలలో ఉన్నాయన్ని సూతకమోణ్ణి నేనెట్ల తాకాల?"

"ఏ స్వామి?"

"నీకు చెప్పలేదా? కడపాయన అయ్యప్ప మాల ఏసుకున్నాడు కదప్పా. ఈ ఏడే మొదలు. కన్నెస్వామి."

ఈ వయసులో కన్నెస్వామి! నాటుకోడి పోయింది, సంగటి పక్కన ఉల్లిపాయ ముక్క కూడా పోయింది. మానేద్దామా అనుకున్నాను. కానీ సంచి సర్ది తలుపు దగ్గర పెట్టేసి ఉంది. దాన్ని మళ్లీ విప్పి, బట్టలు బీరువాలో పెట్టి, ఆ రోజంతా ఆ గదుల్లోనే ఉండటం నా వల్ల కాదనిపించింది. అయినా మాల నియమాలు తిండికి, పడకకు, చెప్పులకు కదా, నాలుకకు కాదు కదా అని సర్దిచెప్పుకున్నాను. నాకు అయ్యప్ప సంగతులు అంత బాగా తెలియవు.

తెల్లవారుజామున బస్సెక్కాను. ఓర్వకల్లు దగ్గర పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, డ్రైవరు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి దుప్పటి తొలగించినట్టు మంచును పక్కకు లాగుతూ నడిపాడు. ఈ మాటే పక్క సీటాయనతో అన్నాను. మంకీ క్యాపులోంచి రెండు కళ్లు తెరిచి, "అవునన్నా, మంచి డ్రైవరు," అని మళ్లీ మూసుకున్నాడు. లోకమంతా మా వాచ్‌మన్లతో నిండిపోయిందని దిగులేసింది.

కడప బస్టాండులో దిగేసరికి ఎండ మెత్తగా ఉంది. నల్లబట్టల స్వాములు గుంపులు గుంపులుగా ఉన్నారు. అందరివీ గడ్డాలే, అందరి నుదుటా గంధమే. మావాడెవరో తేల్చుకోలేక నిలబడ్డాను. ఒక నెరిసిన గడ్డం ఒట్టి కాళ్లతో వచ్చి నా ముందు చేతులు జోడించింది.

"స్వామి శరణం. ప్రయాణం బాగా జరిగిందా స్వామీ?"

నేను వెనక్కి తిరిగి చూశాను, ఎవరితో అంటున్నాడా అని. వెనక మరుగుదొడ్ల గోడ తప్ప ఏమీ లేదు. నాతోనే.

సరే, ఆలస్యమెందుకని మొదటి అస్త్రం వేశాను. "ఏం బాగులేరా! బస్సు చాగలమర్రి కాడ చెడిపోయింది. మైదుకూరు దాకా నేనూ కండక్టరే తోసుకుంటా వచ్చినాం."

చెవులు రిక్కించాను. పాత కడపవాడైతే, "నువ్వు తోస్తే బస్సు కాదు కదా, నీ పొట్ట కూడా ముందుకు పోదు," అనాలి. ఈ స్వామి నా చేతిలోంచి సంచి తీసుకున్నాడు.

"అయ్యో. శానా కష్టపడినారు స్వామీ. రాండి, నీళ్లు తాగుదురు."

'రాండి' అన్నాడు! ఇన్నేళ్లలో వాడు నన్ను బహువచనంలో పిలవడం అదే మొదలు. ఎండలో ఉన్నా చలేసింది.

దోశల హోటల్లో నా ఎదురుగా కూర్చున్నాడు గానీ ఏమీ ముట్టలేదు. కారం దోశ వచ్చింది, ఎర్రగా, ఉల్లి వెల్లుల్లి వాసనతో, ఊరేగింపులాగా.

"నువ్వు చూస్తాంటే నేనెట్ల తినేదిరా? పాపం తగుల్తాది."

"ఏం తగల్దు స్వామీ. వాసన నా పక్కకు రాకుండా ఫ్యాను ఏయించినా. తినండి."

తింటూనే చిరుతపులి కథ ఎత్తుకున్నాను. గేటు దాకా వచ్చిందన్నాను. వాడు తలాడించాడు. మెట్ల దాకా వచ్చిందన్నాను. కళ్లు మూసుకొని, "అయ్యప్పే కాపాడినాడు స్వామీ," అన్నాడు. ఇక లాభం లేదని చిరుతను లిఫ్టు ఎక్కించి మూడో అంతస్తుకు తీసుకుపోయాను.

"లిఫ్టులోనా స్వామీ?" అన్నాడు. నా గుండె ఎగిరింది. వచ్చేస్తోంది, తిట్టు వచ్చేస్తోంది. వాడు గడ్డం నిమురుకున్నాడు. "ఈ కాలంలో లిఫ్టు పని చేస్తాండాదంటే మంచి అపార్టుమెంటే స్వామీ."

గడ్డం వెనక నవ్వేమైనా దాచాడేమోనని ముందుకు వంగి మరీ వెతికాను. లేదు. ఉత్త శాంతం.

పిండిమర చూడ్డానికి పోయాం. మర లేదు, దాని చోట సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి ఉంది. పైన మా గది కిటికీకి ఎవరిదో పసుపు చీర ఆరేసి ఉంది. ఎదురుగా నిలబడి, "ఈ కిటికీలోంచే కదా నువ్వు వార్డెను నెత్తిన చెంబెడు నీళ్లు పోసింది," అన్నాను. మాకు వార్డెనే లేడు. ఆ సంగతైనా అంటాడని చూశాను. "తెలిసీ తెలియక చేసిన తప్పులు స్వామీ," అని చెంపలు వేసుకున్నాడు.

అక్కణ్ణుంచి వాళ్ల కొట్టుకు. అక్కడ నాకంటే పెద్ద కష్టంలో ఉన్నాడు గుమస్తా. నన్ను పక్కకు పిలిచి గుసగుసగా చెప్పాడు.

"మాల ఏసుకున్నప్పట్నుంచి మా షావుకారు ఒకటే ధర చెప్తాండాడన్నా. బేరం ల్యా. అబద్ధం ఆడకూడదంట. గిరాకీ దడుచుకుంటాంది."

అప్పుడే ఒకామె చీర చేతిలో పట్టుకొని నిలదీస్తోంది. "ఎంతకిస్తావప్పా? తగ్గించి చెప్పు."

"తగ్గించేది లేదు మాతా. ఉండేదే చెప్పినా."

"మాతనా? నీకంటే పదేండ్లు చిన్నదాన్ని నేను! నీ గడ్డం చూస్తే నువ్వే మా తాతలాగుండావు."

"స్వామి శరణం."

"శరణం గిరణం వద్దు. ముందు ఎక్కువ చెప్పు, ఆమీద తగ్గియ్యి. ఊరికే ఇచ్చేస్తే ఇంటికాడ మా అత్తకు ఏమని చెప్పుకోవాల?"

ఆమె చీరను గల్లాపెట్టె మీద పడేసి వెళ్లిపోయింది. ఆమె బాధ ఆ కొట్టులో నాకొక్కడికే అర్థమైంది. వెనకే పోయి ఓదారుద్దామనిపించింది.

మధ్యాహ్నం వాడి పీఠం దగ్గర భిక్ష. అరటాకులో పప్పు, సాంబారు, పాయసం. చప్పగా అయినా బాగానే ఉంది. అందరూ నన్ను స్వామీ అన్నారు. నేను ఏం చెప్పినా సరేనన్నారు. తిన్నాక రోడ్డు పక్క వేపచెట్టు కింద అరుగు మీద కూర్చున్నాం. ఆకుల్లోంచి ఎండ పడుతోంది. దూరంగా పాలకొండలు నీలంగా ఉన్నాయి. ఎదురుగా ఒక ముసలాయన జామకాయల బండి పెట్టుకొని కునుకుతున్నాడు. తిట్ల కోసం నేను కేటాయించిన సమయం ఇదే.

వాడు భుజానున్న గుడ్డసంచిలోంచి మాత్రల అట్ట తీశాడు. అట్ట చించి రెండు మాత్రలు సీసాలో నీళ్లతో మింగాడు.

"అవేంది?"

"గుండెవి స్వామీ. ఎండాకాలంలో కొంచెం పట్టుకునింది. తిరుపతికి తీసకపోయి స్టెంటు ఏసినారు. మా ఆమె మొక్కుకునింది, అందుకే ఈ మాల."

వాడు 'కొంచెం' అన్నాడు. వాడికి దేన్నీ పెద్దది చేసే అలవాటు లేదు.

"నాకెందుకు చెప్పలేదురా?"

వాడు సీసా మూత మెల్లగా బిగించాడు. కోపంగా అనలేదు. వాడికి కోపం నిషేధం.

"చెప్తే నువ్వు పెద్దది చేస్తావని చెప్పలే స్వామీ. అప్పటికే భయం శానా ఉండె."

"ఎమ్మిగనూరోడికి తెలుసా?"

"ఆస్పత్రిలో నా మంచం పక్కన కింద పండుకునింది ఆయనే కదా స్వామీ."

జామకాయల ముసలాయన లేచి ఈగలు తోలి మళ్లీ కునికాడు. ఆ ఎండాకాలంలో నేను గ్రూపులో ఏం రాశానో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. కర్నూల్లో ఎండకు మేడ మీద ట్యాంకులో నీళ్లు ఉడికి, బియ్యం పోస్తే అన్నమైందని రాశాను. దానికి ఎవరూ జవాబివ్వలేదు. జోకు పేలలేదనుకున్నాను అప్పుడు. ఒకడు మంచం మీద, ఇంకొకడు మంచం పక్కన నేల మీద ఉన్నారని నాకెలా తెలుస్తుంది? ఎవరూ చెప్పరు కదా. కష్టాన్ని చిన్నదిగా, గుట్టుగా, పెరగకుండా దాచుకోవాలనుకునేవాళ్లు దాన్ని నాలాంటివాడి చేతికి ఎందుకిస్తారు?

"ఇప్పుడెట్లుంది?" అన్నాను.

"బాగుండాది స్వామీ. పొద్దున నాలుగడుగులు ఎక్కువే నడుస్తాండా."

పొద్దు వాలకముందే వాడు చన్నీళ్ల స్నానం చేసి పూజకు కూర్చోవాలి. అందుకని ఎండ ఉండగానే నన్ను బస్టాండుకు తీసుకొచ్చాడు. కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టాడు. తాను తినకపోయినా, దారిలో తినడానికి నాకోసం మిరపకాయ బజ్జీలు కట్టించి కిటికీలోంచి అందించాడు. కింద తారు రోడ్డు మీద ఒట్టి కాళ్లతో నిలబడి అడిగాడు.

"ఇంటికాడ ఎట్లుంటాండావు స్వామీ?"

దీనికి నా దగ్గర జవాబు తయారుగా ఉంది. ఇల్లు కళ్యాణమండపంలా ఉందని, వచ్చేపోయేవాళ్లకు కాఫీలు కాయలేక చస్తున్నానని చెప్పాలి. నోరు తెరిచాను. వేరే మాట వచ్చింది.

"ఎవరూ రారురా. సాయంత్రమైతే టీవీలో వార్తలు చదివేవాళ్లకు జవాబులు చెప్తాంటా. మొన్నొకరోజు ఇద్దరికి అన్నం వండినా, మర్చిపోయి. అంతే."

నా జీవితంలో ఒక్క అంగుళం కూడా పెంచకుండా చెప్పిన మాట బహుశా అదొక్కటే.

స్వామి మొహం ఎర్రబడింది. కిటికీ చువ్వను రెండు చేతులా పట్టుకొని, బస్సంతా తిరిగి చూసేట్టు అరిచాడు. "రేయ్! ఇంగ చాల్లేరా నీ కోతలు! పొద్దున్నించి బస్సు తోసినావు, పులిని లిఫ్టెక్కించినావు, ఇప్పుడు ఈ ఏడుపొకటా? నీ నోట్లో మన్ను బోయ, నీ ఇంట్లో నలుగురు లేకుంటే నువ్వు నిద్రపోతావురా?" కండక్టరు నోరు తెరిచాడు. పక్కనున్న స్వాములు శరణుఘోష మొదలుపెట్టారు. నేను కడుపు పట్టుకొని నవ్వాను. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. బస్సు కదిలింది.

ఇదీ జరిగింది. ఇప్పుడు మొదట ఇచ్చిన మాట ప్రకారం చెప్పాలి.

మంచును పక్కకు లాగిన డ్రైవరు సంగతి మీరు ఎప్పుడో తగ్గించేసుకొని ఉంటారు, దాన్ని వదిలేయండి. చిరుత కథ మా వాచ్‌మన్‌కు చెప్పిన మాట నిజం, దోశ ముందు చెప్పిన మాటా నిజం. మాత్రల అట్ట నిజం. ఇద్దరికి వండిన అన్నమూ నిజమే.

కల్పించింది ఆ ఆఖరి తిట్టు. వాడు తిట్టలేదు. మొహం ఎర్రబడలేదు, గొంతు లేవలేదు, స్వాములెవరూ శరణు చెప్పలేదు. ఆ తిట్టు కోసమే అంత దూరం పోయాను కాబట్టి, వచ్చిన తర్వాత ఇంట్లో కూర్చొని నేనే రాసుకున్నాను. మాటలు కుదరడానికి చాలా సేపు పట్టింది. వాడైతే ఇంకా బాగా తిట్టేవాడు.

నిజంగా వాడన్నది రెండే మాటలు. "తెలుసు స్వామీ," అన్నాడు.

దాంట్లో వాడు ఏమీ తగ్గించలేదు. ఎంత చెప్పానో అంతా తీసుకున్నాడు. బస్సు కదిలేదాకా వాడు చువ్వ మీద చెయ్యి తీయలేదు. నేను బజ్జీల పొట్లం ఒళ్లో పెట్టుకొని, అది చల్లారిపోతుంటే చూస్తూ కూర్చున్నాను.